చింతపండు పక్కన పెట్టండి, ముందు ఆ ఇనుమును చూడండి

ప్రశ్న: నమస్తే అండీ. మేం టోక్యోలో, నిషికసాయ్‌లో ఉంటాం. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఈ మధ్య క్యోటో వెళ్లినప్పుడు తోజి గుడిలో ప్రతి నెలా 21న జరిగే సంతలో రెండు త్సుబాలు కొన్నాను. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, త్సుబా అంటే సమురాయ్ కత్తికి అలుగుకీ పిడికీ మధ్య ఉండే లోహపు బిళ్ల. ఒకటి గుండ్రటి ఇనుపది, బండి చక్రంలా ఆకులు ఆకులుగా కోసి ఉంది. సంతకం లేదు, అంచు మీద ఎర్ర తుప్పు ఉంది, మధ్య కంతలో పైనా కిందా రాగి ముక్కలు ఇరికించి ఉన్నాయి. 15 వేల యెన్లు. రెండోదీ ఇనుపదే కానీ దాని నిండా యోధులు, చెట్లు, అక్కడక్కడ బంగారం, కంతకి రెండు పక్కలా పొడవాటి సంతకం. అమ్మినాయన "సోతెన్ పని, ఎడో కాలం (1603-1868)" అన్నాడు. 40 వేలు. ఇప్పుడు ఆయనే నల్లటి నేల మీద బంగారు పక్షులున్న ఫుచి, కషిరా (కత్తి పిడికి రెండు చివర్లా పెట్టే లోహపు ముక్కలు) జత ఫొటోలు పంపి 60 వేలు అంటున్నాడు. ఊరి నుంచి వచ్చిన మా అమ్మ ఆ తుప్పు చూసి చింతపండుతో తోమి ఇస్తానంటోంది. మా ఆవిడేమో ఇనుప ముక్కలకి ఇంత డబ్బా అంటోంది. ఇవి అసలైనవేనా? తుప్పు ఎలా వదిలించాలి? ఈ సరదా కొనసాగించాలంటే ఎలా? రెండేళ్లలో హైదరాబాద్ వచ్చేస్తాం, వీటిని తెచ్చుకోవచ్చా?

సమాధానం: ముందు అమ్మగారి దగ్గర్నుంచి ఆ బిళ్ల తీసేసుకోండి, మిగతావి తీరిగ్గా మాట్లాడుకుందాం.

చింతపండు రాగి బిందెకి, ఇత్తడి దీపానికి బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఎందుకంటే పైన పట్టిన పొరని పులుపు తినేస్తుంది. ఇక్కడ ప్రమాదం కూడా సరిగ్గా అదే. మీ త్సుబా మీద కనిపించే ముదురు గోధుమ రంగు, నలుపు కలిసిన పొర మురికి కాదు. చేసినవాడే ఇనుముకి కావాలని తుప్పు పట్టించి, దాన్ని అదుపు చేసి, ఆ రంగు తెప్పించాడు, ఆ తర్వాత తరాల తరబడి చేతులూ గుడ్డా తగిలి అది గట్టిపడింది. పులుపు పెడితే గంటలో ఇదంతా పోయి బూడిద రంగు పచ్చి ఇనుము బయటపడుతుంది, టోక్యో జూన్ వానలకి దాని మీద మళ్లీ కొత్త తుప్పు పుడుతుంది. నిమ్మకాయ, వెనిగర్, కోలా, స్టీల్ పీచు, హార్డ్‌వేర్ షాపులో దొరికే తుప్పు వదిలించే ద్రవాలు, అన్నీ ఇదే కోవ. తోమేసిన త్సుబాని సేకరించేవాళ్లు ఒక్క చూపులో పట్టేస్తారు, ఆ తర్వాత దాన్ని కొనేవాడు దొరకడం కష్టం.

మరి ఎర్ర తుప్పు సంగతి? తెల్లటి నూలుగుడ్డతో రుద్ది చూడండి. గుడ్డకి నారింజ రంగు పొడి అంటితే అది బతికున్న తుప్పు, దాన్ని వదిలించాల్సిందే. ఏమీ అంటకుండా నల్లగా గట్టిగా ఉంటే దాని జోలికి పోకండి. వదిలించడానికి జపాన్‌లో పాతవాళ్లు చేసే పద్ధతి చాలా నెమ్మది. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత పంచె లాంటి గుడ్డతో, ఏమీ రాయకుండా, రోజూ కాసేపు టీవీ చూస్తూ రుద్దడమే. మందంగా పెచ్చు కట్టిన చోట మాత్రం జింక కొమ్ము ముక్కతోనో, చెక్కిన వెదురు పుల్లతోనో నెమ్మదిగా గీరతారు. ఈ రెండూ ఇనుము కంటే మెత్తన, అందుకే పెచ్చు లేస్తుంది కానీ కింద గీత పడదు. వెనకటికి ఏనుగు దంతం కూడా వాడేవాళ్లు, ఆ ఊసు మనకొద్దు. కొన్ని నెలలు పడుతుంది, ఒక్క ఆదివారంలో తేల్చేద్దాం అనుకుంటేనే గొడవ. నూనె పెట్టొచ్చా అని అడుగుతారని తెలుసు. తుప్పు వదిలేదాకా వద్దు, తర్వాత కూడా గుడ్డకి ఒక్క చుక్క అద్ది తుడిచి, మళ్లీ పొడి గుడ్డతో మొత్తం తీసేయాలి. తడి తడిగా వదిలేస్తే కోసిన సందుల్లో దుమ్ము చేరి, కొత్త సమస్య మొదలవుతుంది.

ఇక మొదటిది, ఆ సంతకం లేని చక్రం. మీరు రాసిన మూడు ముక్కలు చదివితేనే నాకు దీని మీద మంచి అభిప్రాయం కలిగింది. కంతలో ఇరికించిన రాగి ముక్కల్ని సెకిగానె అంటారు. ఒక కత్తి నుంచి ఇంకో కత్తికి త్సుబా మార్చినప్పుడు కంత కొలత సరిపోదు కదా, అప్పుడు మెత్తటి రాగి పెట్టి సరిచేసేవాళ్లు. అంటే మీ బిళ్ల ఎక్కడో ఒక చోట నిజంగా కత్తికి ఎక్కి ఉంటుందని ఒక గుర్తు. గుర్తే, రుజువు కాదు, ఎందుకంటే రాగి ముక్క ఇరికించడం నకిలీవాడికీ కష్టం కాదు. అలాగే కంత చుట్టూ ఇనుము మీద సుత్తి, ఉలి దెబ్బల గుర్తులున్నాయేమో చూడండి, అవి కూడా కంతని బిగించడానికి కొట్టినవే. ఆ చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో ఉన్న చదును భాగం మీద రాగి ఉంగరపు బిళ్ల కూర్చుని ఒరుసుకుంటుంది కాబట్టి అక్కడ రంగు కాస్త వేరుగా ఉంటుంది. అయితే ఎప్పుడూ కత్తికి ఎక్కకుండా పెట్టెలోనే ఉండిపోయిన మంచి త్సుబాలు కూడా బోలెడున్నాయి, కాబట్టి గుర్తులు లేవని పారేయకండి.

అసలు పరీక్ష కోసిన కంతల లోపలి గోడల్లో ఉంది. నగల షాపువాళ్లు వాడే పదింతల భూతద్దం ఒకటి కొనండి, ఫోన్ టార్చ్‌ని పక్కనుంచి ఏటవాలుగా వేయండి. చేత్తో చేసిన దాంట్లో రేకుని కొలిమిలో సాగగొట్టి, రంధ్రాలు వేసి, రంపంతో కోసి, ఆకురాయితో సాపు చేస్తారు. గోడ నిలువుగా, మూల స్పష్టంగా ఉంటుంది, ఆకురాయి గీతలు సన్నగా కనపడొచ్చు, చక్రపు ఆకులు ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు ఉండవు, చిన్న తేడా ఉంటుంది. పోత పోసిన నకిలీలో మూలలు మొద్దుగా గుండ్రంగా ఉంటాయి, గోడ మధ్యలో అచ్చు కలిసిన చోట సన్నటి గట్టు లాంటి గీత కనిపిస్తుంది, సూది మొన లాంటి గాలి బుడగల గుంటలు కనిపిస్తాయి. ఒక అయస్కాంతం కూడా దగ్గర పెట్టుకోండి. ఈ రోజుల్లో కత్తి సాధనకి వాడే కొత్త కత్తుల నుంచి ఊడదీసి, నల్ల రంగు వేసి, "పాతది" అని అమ్మే వాటిల్లో ఇనుమే కానివి ఉంటాయి, వాటికి అయస్కాంతం అంటుకోదు. అంటుకుందని పాతదైపోదు, అది వేరే మాట.

అంచు మీద, మీరు తుప్పు అన్న చోటే, ఒకసారి జాగ్రత్తగా చూడండి. కొన్ని పాత ఇనుప త్సుబాల అంచున గట్టి ఉక్కు ముక్కలు చిన్న చిన్న గడ్డల్లా, నరాల్లా ఉబ్బి, చుట్టూ ఉన్న ఇనుము కంటే మెరుస్తూ కనిపిస్తాయి. తెక్కొత్సు అంటారు, అంటే ఇనుప ఎముకలు. ఒవారి (ఇప్పటి నగోయా వైపు), కనయమా అనే శైలుల పనుల్లో ఇవి ఉంటే సేకరించేవాళ్లు మురిసిపోతారు. తోమడం మొదలుపెడితే ముందు అరిగేది ఇవే.

ఏ శైలిదో ఫొటో చూడకుండా చెప్పలేను, చూసి కూడా చాలామంది తప్పే చెప్తారు. ఒవారి పని బరువుగా, గంభీరంగా ఉంటుంది. క్యోటో పని సన్నగా, పొందిగ్గా. ఎడోలో (ఇప్పటి టోక్యో) చేసిన అకసాకా వాళ్లది ఈ రెండూ కలిపి కాస్త నాజూకు చేసినట్టు ఉంటుంది. క్యూషూలోని హిగోలో, అంటే నేటి కుమమోతోలో, హొసొకావా ప్రభువుల నీడన హయషి మతషిచి, హిరాతా హికోజో, నిషిగాకి కన్‌షిరో, షిమిజు జిన్‌బెయి అనే నాలుగు వంశాలు పైకొచ్చాయి. నా మటుకు ఇనుములో ఇంతకంటే గొప్పది లేదు. ఆ ప్రభువుల్లో తదఓకి అనే ఆయన టీ ఉత్సవ గురువు సెన్ నో రిక్యూకి శిష్యుడు, ఆ నిరాడంబరమైన రుచి హిగో త్సుబాల్లో కనిపిస్తుంది. ఇక ఏ శైలిదో ఎవరికీ తేలకపోతే "షోఆమి" అని రాసేస్తారు. ఆ పేరుతో చాలా ప్రాంతాల్లో పనివాళ్లుండేవాళ్లు కాబట్టి తప్పని ఎవరూ అనలేరు. మీ దానికి రేపు ఎవరైనా షోఆమి అంటే బాధపడకండి. 15 వేలకి, కోత శుభ్రంగా ఉండి, పోత గుర్తులు లేకపోతే, అది మంచి బేరమే. ఉంచుకోండి.

రెండో దాని దగ్గరే కాస్త ఇబ్బంది. సోతెన్ అనేది బివా సరస్సు ఒడ్డున ఉన్న హికోనె ఊళ్లోని పనివాడి పేరు. పురాతన చైనా కథల్లోని ఋషులు, యుద్ధంలో గుర్రాలు, పైన్ చెట్లు, ఇవన్నీ ఇనుములో జాలీలా కోసి, రెండు వైపులా గుండ్రంగా చెక్కి, బంగారం వెండి తాపడం చేసే శైలి. చూడగానే ఆకట్టుకుంటుంది, అందుకే అప్పట్లోనే దీనికి విపరీతమైన గిరాకీ, ఆ గిరాకీ కోసం ఇతర ఊళ్లలో పనివాళ్లు కూడా ఇదే శైలిలో చేసి, ఇదే పేరు చెక్కారు. మీ బిళ్ల మీద పొడవాటి సంతకం అన్నారు కదా, బహుశా ఒక పక్క "గోషూ హికోనె జూ", రెండో పక్క "సోహెయిషి న్యూదో సోతెన్ సెయి" అని ఉండాలి. సరిగ్గా ఈ అక్షరాలే ఉన్న త్సుబాలు ప్రపంచంలో ఎన్నున్నాయో లెక్కలేదు. కాబట్టి ఆ సంతకం మీకు ఇది ఏ శైలిలో చేశారో చెప్తుంది, ఎవరు చేశారో చెప్పదు.

మీరు ముఖాలు చూడండి. భూతద్దం పెట్టి ఒక్కో యోధుడి ముఖం. కన్ను, ముక్కు, మూతి విడివిడిగా ఉలితో తీర్చి, ఒకడికి కోపం ఒకడికి భయం కనిపిస్తే ఎవరో శ్రద్ధగా కూర్చుని చేశాడని అర్థం. నాలుగు ముఖాలూ పిండి ముద్దల్లా ఒకేలా ఉంటే తొందర పని, లేదా పోత. కవచం పలకల మధ్య గీతలు చూడండి, గుర్రం జూలు చూడండి. బంగారం ఉన్న చోట, ముఖ్యంగా అది అరిగిన చోట, కింద ఇనుము మీద అడ్డంగా నిలువుగా సన్నటి గీతల వల కనిపిస్తోందా? ఇనుముని ముందు అలా గరుకు చేసి, పలచటి బంగారు రేకుని దాని మీద పెట్టి కొడితే అది ఆ గీతల్లో పట్టుకుంటుంది. జపాన్‌లో దాన్ని నునోమె జోగన్ అంటారు. మన దేశంలో కోఫ్త్‌గారీ అనేది ఇదే పద్ధతి, హైదరాబాద్ వచ్చాక సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదికి వెళ్లి కత్తి పిడుల మీద బంగారం అరిగిన చోట చూడండి, అదే వల కనిపిస్తుంది. (బిద్రీ మాత్రం వేరు, అక్కడ జింక్ ఎక్కువున్న లోహంలో గాడి తవ్వి వెండిని లోపల కూర్చోబెడతారు.) గీతల వల లేకుండా బంగారం రంగు పూసినట్టు, సందుల్లోకి కారినట్టు ఉంటే అది బంగారు రంగే, బంగారం కాదు.

ముఖాలు బాగుండి, వల కనిపిస్తే, మీ దగ్గరున్నది 18 లేదా 19వ శతాబ్దంలో చేత్తో చేసిన "సోతెన్ శైలి" త్సుబా. దానికి 40 వేలు అన్యాయమేమీ కాదు, కానీ అసలు సోతెన్ అని ఇంకొకరికి చెప్పకండి. పోత గుర్తులు కనిపిస్తే అమ్మినాయనకి మర్యాదగా చెప్పి వెనక్కివ్వడానికి ప్రయత్నించండి, సంతలో కొన్నదానికి వాపసు ఆశ తక్కువే అనుకోండి.

ఇది సోతెన్ ఒక్కడితో ఆగదు. నొబుఇయె, కనెఇయె, యోకొయా సోమిన్, మెయిజీ కాలపు (1868-1912) కనో నత్సుఓ, ఇలాంటి పేరున్న పనివాళ్లందరిదీ ఇదే కథ, పేరు ఎంత పెద్దదైతే ఆ పేరు పెట్టుకున్న దొంగ సంతకాలు అన్ని ఎక్కువ. నత్సుఓ కొత్త ప్రభుత్వపు నాణేల అచ్చులకి పని చేసిన మనిషి, ఆయన చేతి పని సంతలో బట్ట మీద పరిచి 40 వేలకి దొరకదు. సంతకాన్ని వేలితో మూసేసి, ఇది ఊరూపేరూ లేనిదైతే ఎంత పెడతాను అని వేసుకోండి, అంతే ఇవ్వండి. సంతకం నిజమని తర్వాత తేలితే మీ అదృష్టం.

ఆ ఫుచి, కషిరా జతని మాత్రం ఫొటోలు చూసి కొనకండి. ఫుచి పిడి మొదట్లో ఉండే పట్టీ, కషిరా పిడి చివరి టోపీ, రెండూ ఒకే చేతిలో ఒకే జతగా తయారవ్వాలి. నల్లటి నేల అంటే ఆయన షకుదో అని చెప్తూ ఉండాలి. రాగిలో నూటికి మూడు నుంచి ఐదు వంతుల బంగారం కలిపిన లోహం అది. కరిగించినప్పుడు మామూలు రాగిలాగే ఉంటుంది. చెక్కడం అంతా అయ్యాక దాన్ని శుభ్రం చేసి, తురిమిన ముల్లంగి రసం పట్టించి, రొకుషో అనే రాగి లవణాల నీళ్లలో మరిగిస్తే అప్పుడు నలుపు వస్తుంది, అదీ మసి నలుపు కాదు, కాకి రెక్క ఎండలో తిరిగితే కనిపించే ఊదా కలిసిన నలుపు. ఫొటోలో ఆ నలుపుని, రంగు వేసిన ఇత్తడి నలుపుని వేరుచేయడం నాకైతే రాదు. చేతిలో పట్టుకుంటే తేలిక. అంచుల్లో, మూలల్లో అరిగిన చోట పసుపు కనిపిస్తే ఇత్తడికి పూత.

నేల గరుకుగా, చేప జన పరిచినట్టు చిన్న చిన్న బుడిపెలతో ఉంటుంది, దాన్ని ననకో అంటారు. చివర గిన్నెలా తొలిచిన ఉలితో ఒక్కో బుడిపెకి ఒక్కో దెబ్బ, వరస తప్పకుండా. భూతద్దంలో ఒక అంగుళం మేర చూడండి. మంచి పనిలో ప్రతి బుడిపె నిండు గుండ్రంగా, పక్కదాన్ని తాకీ తాకనట్టు ఉంటుంది, వరసలు పక్షి రెక్క దగ్గరికి వచ్చినా వంకర పోవు. నాసి పనిలో రెక్క పక్కన బుడిపెలు నలిగి, వరస తప్పి, ఖాళీలు ఉంటాయి, ఎందుకంటే ఇరుకులో ఉలి నిలబెట్టడమే కష్టం. అందుకే నేను ముందు బంగారు పక్షిని కాదు, పక్షి చుట్టూ ఉన్న నేలని చూస్తాను. ఈ షకుదో, ననకో, బంగారం కలయికకి పెద్ద పేరు గోతో వంశం. 15వ శతాబ్దంలో షోగున్ (సైనిక పాలకుడు) అషికాగా యోషిమసా దగ్గర పనిచేసిన యూజోతో మొదలై మెయిజీ దాకా సాగింది, తర్వాతి తరాలవాళ్లు ముందు తరాల పనిని గుర్తుపట్టి పత్రాలు కూడా రాసిచ్చేవాళ్లు. "గోతో" అనగానే మళ్లీ టెంప్ట్ అవకండి, గోతో శైలి చేసినవాళ్లు వేరే చాలామంది. ఇంకో మాట, కొన్నాక దీన్ని ఎప్పుడూ పాలిష్ చేయొద్దు, వేలితో రుద్దొద్దు. ఆ నలుపు పొర చాలా పలచన, ఇనుము లాగా నెలల తరబడి గుడ్డతో రుద్దే ఆట దీనితో కుదరదు. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపితే చాలు.

పత్రాల సంగతి. జపాన్‌లో 1948లో మొదలైన కత్తుల పరిరక్షణ సంస్థ ఒకటి ఉంది, పొట్టిగా ఎన్‌బీటీహెచ్‌కే అంటారు, త్సుబాలనీ పరీక్షించి పత్రం ఇస్తుంది. కింది నుంచి హోజోన్, తొకుబెత్సు హోజోన్, జూయో, తొకుబెత్సు జూయో అని మెట్లు. మీ స్థాయికి హోజోన్ చాలు. 1982కి ముందు ఇచ్చిన పాత కిచో పత్రాల్ని ఇప్పుడు అంతగా లెక్కపెట్టరు, పెద్ద పేరున్న దాని పక్కన కిచో పత్రం పెట్టి అమ్ముతుంటే కొత్తగా ఎందుకు పరీక్ష చేయించలేదని అడగండి. పత్రం మీద ఫొటో ఉంటుంది, వస్తువు పక్కన పెట్టి తుప్పు మచ్చలతో సహా పోల్చుకోండి. కిరి అనే తేలికపాటి చెక్క పెట్టె మీద నిపుణులు సిరాతో రాసిన రాతలు కూడా కనిపిస్తాయి, ఎవరో పెద్దాయన రాశాడనే మురిసిపోవద్దు, పెట్టె ఒకరిది లోపల బిళ్ల ఇంకొకరిది కావడం కొత్తేమీ కాదు. మీ 15 వేల చక్రానికి పత్రం కోసం డబ్బు పోయకండి, దండగ.

మీ ఆవిడ మాటకి వస్తే, పెట్టుబడి అని ఇంట్లో చెప్పి ఉంటే ఆ మాట వెనక్కి తీసుకోండి. కొన్న ధరకి అమ్ముకోగలిగితే చాలు, మామూలు ఇనుప త్సుబాల సరఫరాకి కొదవ లేదు. 1876లో సమురాయ్‌లు కత్తి ధరించడాన్ని ప్రభుత్వం నిషేధించాక లక్షణమైన పనివాళ్లు ఒక్కసారిగా గిరాకీ పోయి పూలకూజాలు, పెట్టెలు, ఎగుమతి సరుకు చేయడానికి మళ్లారు. కత్తుల నుంచి ఊడదీసిన త్సుబాలు పెట్టెలకొద్దీ యూరప్, అమెరికా వెళ్లాయి, బోస్టన్ మ్యూజియంలో, లండన్ మ్యూజియాల్లో ఉన్న పెద్ద సేకరణలు చాలావరకు ఆ అలలో వెళ్లినవే. అప్పుడే యొకొహామా రేవులో దిగే విదేశీయుల కోసం ఆర్భాటంగా, బంగారం దట్టించి చేసినవి కూడా ఉన్నాయి, హమామోనో అంటారు. నిజానికి అవీ పాతవే, చేతిపనే, కానీ కత్తికి పెట్టే ఉద్దేశంతో చేసినవి కావు. కంత చుట్టూ చదును భాగంలో కూడా బొమ్మలు ఎక్కించేస్తే అనుమానించండి, అక్కడ ఉంగరపు బిళ్ల కూర్చుంటే బొమ్మ నలిగిపోతుందని కత్తికి చేసేవాడికి తెలుసు.

కొనసాగించడం ఎలా అంటే, మీరు ఉన్న ఊరు ఇంత మంచిదై ఉండగా సంత బట్ట మీద నేర్చుకోవాల్సిన ఖర్మ మీకేంటి? ర్యోగొకులో కత్తుల మ్యూజియం ఉంది, 2018లో అక్కడికి మారింది. ఉఎనోలో జాతీయ మ్యూజియంలో కత్తి అలంకారాలు పెడుతుంటారు. మెజిరో వైపు ఎయిసెయి బుంకో హొసొకావా వాళ్ల సంపద, హిగో త్సుబాల ప్రదర్శన పెట్టినప్పుడు సెలవు పెట్టి అయినా వెళ్లండి. క్యోటోలో సన్నెన్‌జకా మెట్ల దగ్గర కియొమిజు సన్నెన్‌జకా మ్యూజియంలో మెయిజీ లోహపు పని చూస్తే నత్సుఓ స్థాయి ఏంటో తెలుస్తుంది, ఆ తర్వాత మీకు అతని దొంగ సంతకాలు ఎవరూ అంటగట్టలేరు. గాజు వెనక చూడటం సగమే, చేతిలోకి తీసుకుని చూడాలి, అందుకు ఏటా టోక్యోలో జరిగే దై తోకెన్ ఇచి అనే పెద్ద కత్తుల సంతకి వెళ్లండి. అక్కడ దుకాణదారులు నిపుణులు, అడిగితే చేతికిస్తారు. అంచు పట్టుకుని, బల్ల మీదకి వంగి, ఉంగరం తీసేసి పట్టుకోండి, వస్తువు మీద మాట్లాడకండి, తుంపర పడితే తుప్పు. ఇంత పద్ధతి చూస్తే వాళ్లు లోపల్నుంచి ఇంకొకటి తెచ్చి చూపిస్తారు. ఒక్క శైలి పట్టుకోండి. మీకు చక్రం నచ్చింది కాబట్టి ఇనుప కోత పని, అందులోనూ అకసాకానో హిగోనో. పదిరకాలు తలో ఒకటి కొనేకన్నా ఒకే రకం మూడు పక్కపక్కన పెట్టుకుంటే కన్ను తొందరగా పదునెక్కుతుంది. ఆన్‌లైన్ వేలాల్లో మాత్రం ఏడాది దాకా చూడటమే, కొనొద్దు. "ఫిర్యాదు వద్దు, వాపసు లేదు" అని కింద రాసి ఉంటుంది, ఆ ఒక్క వాక్యానికి అర్థం మీకు తెలుసు.

చివరిగా హైదరాబాద్ ప్రయాణం. కత్తి అయితే పెద్ద తతంగం. జపాన్‌లో ప్రతి అలుగుకీ నమోదు పత్రం ఉంటుంది, దేశం దాటించాలంటే బుంకచో, అంటే సాంస్కృతిక వ్యవహారాల సంస్థ, అనుమతి కావాలి, ఇటు మన దగ్గర ఆయుధాల చట్టం కాచుకుని ఉంటుంది. విడి త్సుబాకి ఆ నమోదు లేదు. రక్షిత సంపద కాదని పాత కళావస్తువులకి బుంకచో ధ్రువపత్రం ఇస్తుంది, ఖరీదైనది కొంటే అది తీయించుకోండి. సంతలో కొన్నవాటికి బిల్లు ఉండదు కదా, ఇప్పటికైనా ఆయన చేత ఒక చీటీ మీద ధర, తేదీ, "పాత ఇనుప కత్తి అలంకారం, అలుగు లేదు" అని రాయించుకోండి, రెండు వైపులా ఫొటోలు తీసి పెట్టుకోండి. విమానాశ్రయంలో స్కానర్ దగ్గర ఎలాగూ అడుగుతారు, కస్టమ్స్‌లో దాచకుండా చూపించండి. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మన 1972 పురావస్తువుల చట్టంలో నిర్వచనం వస్తువు వయసు చూస్తుంది, వందేళ్లు దాటిందా అని. ఏ దేశంలో పుట్టిందనే మినహాయింపు అందులో రాయలేదు. పురావస్తువుని మామూలు మనుషులు బయటికి తీసుకెళ్లడానికి చట్టం ఒప్పుకోదు. అంటే ఒకసారి హైదరాబాద్ చేరాక, మళ్లీ టోక్యోలో అమ్ముకుందాం అంటే చిక్కుల్లో పడతారు. కాబట్టి ఆ సోతెన్ శైలి దాన్ని వదిలించుకునే ఆలోచన ఉంటే జపాన్‌లో ఉండగానే వదిలించుకోండి, చక్రాన్ని మాత్రం తెచ్చుకోండి, కిరి పెట్టెలో నూలు మెత్త మీద, వానాకాలంలో పక్కన సిలికా జెల్ పొట్లం వేసి.